చుట్టపుచూపుకు పూచీకత్తా?

తెలుగులో చుట్టపుచూపు అనే మాట ఒకటున్నది. వలస అనేది వేరే మాట. మొదటిది పోయి, చూసి, నాలుగు రోజులుండి తిరిగిరావడం. రెండోది ఉన్న ఊరు విడిచి మరో ఊరిని తన ఊరు చేసుకోవడం. ఈ రెంటికీ గల తేడా మన పల్లెల్లో అక్షరం ముక్క రానివారికి సైతం తెలుసు. ప్రభుత్వాలకే తెలియదు. గుమ్మంలోకి వచ్చిన ప్రతి చుట్టాన్నీ ఇల్లు ఆక్రమించుకోవడానికి వచ్చినవాడుగా అనుమానించడమూ, కాదని నిరూపించుకునే భారాన్ని ఆ చుట్టం నెత్తినే పెట్టడమూ - ఈనాటి సందర్శక వీసా విధానపు సారాంశం ఇంతే. ఇది అన్యాయమని నా వాదన. ఇరుగుపొరుగు దేశాల మధ్యనైతే అన్యాయమే కాక నిష్ప్రయోజనం కూడానని నా వాదన. ఇందులో మొదటి భాగం మనవాళ్ళకు వినసొంపుగా ఉంటుంది. రెండో భాగం ఉండకపోవచ్చు. వినసొంపైనదానితోనే మొదలుపెడతాను.

అమెరికాలో స్థిరపడిన కొడుకునో కూతురినో చూడటానికి, పురిటి రోజుల్లో సాయం ఉండటానికి బయలుదేరే తల్లిదండ్రుల సంగతి తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1952నాటి అమెరికా వలస చట్టంలో 214(బి) అనే నిబంధన ఉన్నది. సందర్శకుడిగా వీసా అడిగే మనిషి అక్కడే స్థిరపడిపోయే ఉద్దేశంతో వస్తున్నాడని ముందుగానే భావించాలని దాని తాత్పర్యం. కాదని అధికారికి తృప్తి కలిగేలా రుజువు చేసుకోవలసింది అడిగినవాడే. ఆ రుజువుకు దొరికేది కిటికీ ముందు రెండు మూడు నిమిషాలు. తృప్తి కలగకపోతే ముందే అచ్చువేసి ఉంచిన కాగితం ఒకటి చేతికిస్తారు. అందులో ఆ నిబంధన పేరుంటుంది గాని, ఫలానా మనిషి విషయంలో ఫలానా లోపమని ఉండదు. పై అధికారికి మొరపెట్టుకునే మార్గం లేదు. కోర్టులు ఆ నిర్ణయాల జోలికి సాధారణంగా పోవు. 2023 జూన్‌లో 185 డాలర్లకు పెంచిన రుసుము మాత్రం వెనక్కి రాదు.

ఒక్కసారి ఆలోచించండి. దొంగతనం ఆరోపణ మీద బోనెక్కిన మనిషిని సైతం నేరం రుజువయ్యేదాకా నిర్దోషిగానే భావిస్తారు. మనవడిని ఎత్తుకోవడానికి బయలుదేరిన అమ్మమ్మకు ఆ పాటి మర్యాద లేదు. ఆమె పట్టాదారు పాసుపుస్తకం, ఇంటిపన్ను రసీదు, పింఛను కాగితం, బ్యాంకు నిల్వ అన్నీ ఒక సంచిలో సర్దుకుని వరుసలో నిలబడుతుంది. నిజానికి ఆమె తిరిగి రావడానికి గల కారణాలు ఆ కాగితాల్లో ఏ ఒక్కదాని మీదా ఉండవు. అక్కడి చలి, పలకరించే మనిషి లేని పగళ్ళు, ఇంటి పెరట్లోని తులసికోట, ఊళ్ళోనే ఉన్న రెండో బిడ్డ - ఇవీ కారణాలు. వీటిని ఏ అధికారికి ఏ పత్రంతో రుజువు చేయాలి?

హైదరాబాదు పక్కన చిలుకూరులో వెలసిన వేంకటేశ్వరుడికి జనం వీసా బాలాజీ అని పేరు పెట్టుకున్నారు. కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూట ఎనిమిది. దీన్ని మూఢనమ్మకమని వెక్కిరించే విద్యావంతులు చాలామంది ఉన్నారు. నేను వెక్కిరించను. కారణం చెప్పని, ప్రశ్నించడానికి వీలులేని అధికారం ఎదుట మనిషి చేయగలిగింది మొక్కుకోవడమే. హేతువు లేని చోట హేతువాదానికి పనేమున్నది?

ఐరోపావారిది మరో తరహా. షెంగెన్ వీసాకు 2024 జూన్‌లో రుసుము 90 యూరోలకు పెరిగింది. ముప్ఫైవేల యూరోలకు తగ్గని వైద్యబీమా, ఉండబోయే చోటు వివరాలు, ఖర్చులకు సొమ్మున్నదన్న ఆధారాలు కావాలి. తిరస్కరించినా రుసుము తిరిగి ఇవ్వరు. అయితే ఒక్క విషయంలో వీరు మెరుగు. తిరస్కరణకు కారణం రాసివ్వాలని, దాని మీద అప్పీలు చేసుకునే హక్కుండాలని వీరి నియమావళి చెబుతుంది. అంటే కారణం చెప్పడం అసాధ్యమేమీ కాదన్నమాట. మనసుంటే మార్గం అదే దొరుకుతుంది.

ఇంతవరకు మనమందరం ఒక్క మాట మీదే ఉంటాం. ఇప్పుడు రెండో భాగం. మనం పరాయి గుమ్మాల ముందు అడుగుతున్న ఈ న్యాయాన్ని, మన గుమ్మం ముందు నిలబడిన పొరుగువారికి ఇస్తున్నామా? గురివిందగింజ తన నలుపు తానెరగదంటారు. మన నలుపు మనం చూసుకుందాం.

కరాచీలో హైదరాబాద్ కాలనీ అనే పేట ఉన్నది. దేశవిభజన తరువాత మన హైదరాబాదునుంచి తరలిపోయిన కుటుంబాలు కట్టుకున్న పేట అది. పాతబస్తీలో అక్క, అక్కడ చెల్లెలు. ఇక్కడ మామిడికాయ ఊరగాయ, అక్కడా అదే రుచి. 1947 ఆగస్టులో దేశం రెండుగా చీలినప్పుడు కూడా ఈ మనుషుల మధ్య వీసా లేదు. 1948 జూలైలో పశ్చిమ పాకిస్తాన్‌నుంచి వచ్చేవారికి పర్మిట్లు పెట్టారు. కలకత్తా, ఢాకాల మధ్య 1952 అక్టోబరుదాకా పాస్‌పోర్టు లేకుండానే రాకపోకలు సాగాయి. అంటే విభజన నెత్తురు ఇంకా ఆరని రోజుల్లో కంటే, డెబ్బైయేళ్ళు గడిచాక చుట్టపుచూపు కష్టమైపోయింది.

ఆ తరువాతి కథ మరింత విచిత్రం. భారత పాకిస్తాన్‌ల మధ్య వీసా అంటే దేశానికి ఇచ్చే వీసా కాదు, ఊళ్ళకు ఇచ్చే వీసా. హైదరాబాదుకు వచ్చిన మనిషి అక్కడికి దగ్గరలోనే ఉన్న మరో ఊళ్ళో పెళ్ళికి పోవాలన్నా, ఆ ఊరి పేరు వీసాలో ఉండాలి. వచ్చిన ఇరవైనాలుగు గంటల్లో పోలీసులకు హాజరు చెప్పుకోవాలి. 2012లో రెండు ప్రభుత్వాలూ కూర్చుని కొత్త ఒప్పందం రాసుకున్నాయి. అరవైయైదేళ్ళు దాటిన ముసలివారు అట్టారీ-వాఘా దగ్గరికి వస్తే అక్కడికక్కడే వీసా ఇస్తామన్నాయి. 2013 జనవరిలో అది అమలు కావలసిన రోజునే ఆగిపోయింది. నియంత్రణ రేఖ మీద జరిగిన దారుణానికి శిక్ష, చేతికర్ర పట్టుకుని చెల్లెలిని చూడవచ్చే డెబ్బైయేళ్ళ ముసలిదానికి పడింది.

మన దేశం 2014 నవంబరులో ఇంట్లో కూర్చునే అంతర్జాలం మీద వీసా తీసుకునే ఏర్పాటు మొదలుపెట్టింది. క్రమంగా అది నూట యాభైకి పైగా దేశాలకు విస్తరించింది. ఐస్‌లాండ్‌నుంచి గోల్కొండ చూడటానికి వచ్చే యువకుడికి నాలుగు మీటలు నొక్కితే వీసా. గోల్కొండ నీడలో పుట్టి పెరిగి, పెళ్ళయి కరాచీ పోయిన ఆడపడుచుకు ఆ సౌకర్యం లేదు. మనం ఎవరిని చుట్టమంటున్నాం, ఎవరిని పరాయి అంటున్నాం?

సార్క్ దేశాలు 1988లో తీర్మానించి 1992లో అమలు చేసిన వీసా మినహాయింపు పథకం ఒకటున్నది. పేరు వింటే ఎనిమిది దేశాల జనమంతా హాయిగా తిరగవచ్చునేమో అనిపిస్తుంది. దానిలో అర్హులు ఇరవైనాలుగు తరగతులవారు: మంత్రులు, పార్లమెంటు సభ్యులు, ఉన్నత న్యాయమూర్తులు, పెద్ద అధికారులు, వ్యాపారులు, పాత్రికేయులు, క్రీడాకారులు ఇత్యాదులు. ఆ ఇరవైనాలుగు తరగతుల్లో అత్తగారు లేదు, అన్నదమ్ముడు లేడు, పక్క దేశపు గుడినో దర్గానో చూడాలనుకునే రైతు లేడు. ఏ మనిషికి వీసా అడ్డు కానే కాదో, సరిగ్గా ఆ మనిషికే వీసా మినహాయించారు!

ఇప్పుడొక పోలిక. లక్సెంబర్గులో మోసెల్ నది ఒడ్డున షెంగెన్ అనే చిన్న పల్లె ఉన్నది. 1985 జూన్ 14న ఆ నదిలో నిలిచిన ఓడ మీద ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గు దేశాలు సరిహద్దు తనిఖీలు ఎత్తివేసుకుందామని సంతకాలు చేశాయి. అదే ఏడాది డిసెంబరు 8న ఢాకాలో సార్క్ పుట్టింది. రెండు పొత్తులూ ఒకే ఏటివి. మొదటిది 1995 మార్చిలో ఆచరణలోకి వచ్చి, 2025 జనవరికి ఇరవైతొమ్మిది దేశాలకు విస్తరించింది. రెండోది 2014లో కాఠ్మాండూలో చివరి శిఖరాగ్ర సమావేశం జరుపుకుని చతికిలబడింది.

"వాళ్ళవి నాగరిక దేశాలు, మనవి వేరు" అని వెంటనే ఒక మాట వినిపిస్తుంది. ఆ నాగరికులు 1870నుంచి 1945లోపు మూడుసార్లు ఒకరి గొంతు ఒకరు కోసుకున్నవారు. ఫ్రాన్సు, జర్మనీల మధ్య పారిన నెత్తురుతో పోలిస్తే మన యుద్ధాలు చిన్నవి. చివరి యుద్ధం ముగిసిన నలభైయేళ్ళకు వారు ఆ సంతకం చేశారు. మనకు 1947నుంచి లెక్కవేసినా డెబ్బైయేళ్ళు ఎప్పుడో దాటిపోయాయి. పోనీ, అది ధనికులకే సాధ్యమంటారా? పశ్చిమాఫ్రికా దేశాల కూటమి 1979లోనే ఒడంబడిక చేసుకుని, ఒక దేశపు పౌరుడు మరో దేశంలో తొంభై రోజులు వీసా లేకుండా ఉండవచ్చునన్నది. ఆ దేశాల్లో చాలావాటికంటే మనం కలిగినవాళ్ళమే.

అసలీ పాస్‌పోర్టు వ్యవస్థ వేదకాలంనుంచి వచ్చిందేమీ కాదు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చేదాకా ఐరోపాలో చాలాభాగం మీద మనుషులు పాస్‌పోర్టు లేకుండానే తిరిగారు. యుద్ధకాలానికని పెట్టిన కట్టుబాటు, యుద్ధం ముగిశాక పోలేదు. మన దేశంలో ప్రవేశానికి పాస్‌పోర్టు ఉండాలన్న చట్టం 1920లో వచ్చింది.

తెలుగువారికైతే ఈ సంగతి తాతల నోట విన్నదే. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాలనుంచి వేలాదిమంది రంగూన్ ఓడెక్కారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాడికి కోరంగీ అనే పేరే స్థిరపడింది. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలోని ఒక రాష్ట్రం. రంగూన్ పోవడమంటే పై ఊరు పోవడమే. ఒక గీత గీసేసరికి అది విదేశమైంది. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలాదిమంది కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగివచ్చారు. 1960ల్లో సైనిక ప్రభుత్వం మరిన్ని కుటుంబాలను వెళ్ళగొట్టింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ చరిత్రకు మిగిలిన గుర్తు. ఆ కుటుంబాల్లో పెద్దలు కొందరు తమ పుట్టిన వీధిని మళ్ళీ చూడకుండానే కన్నుమూశారు. పుట్టిన వీధిని చూడాలనుకోవడం వలస కాదు, నేరం అంతకన్నా కాదు.

ఇదే బర్మా సరిహద్దు మీద ఇంకొక ముచ్చట. నాగాలాండ్‌లోని లోంగ్వా గ్రామంలో నాయకుడి ఇంటి మధ్యనుంచే సరిహద్దు రేఖ పోతుంది. అక్కడి కొండజాతులవారు ఇరువైపులా పదహారు కిలోమీటర్ల మేర వీసా లేకుండా తిరిగే ఏర్పాటు ఉండేది. 2024 ఫిబ్రవరిలో దాన్ని రద్దు చేస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. మిజోరం, నాగాలాండ్ శాసనసభలు దానికి వ్యతిరేకంగా తీర్మానాలు చేశాయి. చివరకు ఆ దూరాన్ని పది కిలోమీటర్లకు కుదించి, సరిహద్దు పాసులు పెట్టారు. తన ఇంటి వంటగదినుంచి పడకగదికి పోవడానికి మనిషికి ఏ పాసు కావాలో ఢిల్లీలో కూర్చున్నవారు చెప్పాలి.

"ఆదర్శాలు బాగానే ఉన్నాయి గాని, ఆచరణలో ఎక్కడ సాధ్యం?" అని అడిగేవారికి సమాధానం బ్రస్సెల్స్‌లో వెతకనక్కరలేదు. రక్సౌల్‌లో ఉన్నది, సునౌలీలో ఉన్నది. 1950 జూలై 31న భారత నేపాల్‌లు చేసుకున్న ఒప్పందంలోని ఏడో అధికరణం ప్రకారం ఒక దేశపు పౌరులు రెండో దేశంలో తిరగవచ్చు, నివసించవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు. సరిహద్దు పొడవు 1,751 కిలోమీటర్లు. వీసా లేదు. నేల మార్గాన దాటడానికి పాస్‌పోర్టు అక్కరలేదు. 2025 సెప్టెంబరులో మన దేశంలో విదేశీయుల చట్టాలన్నీ కలిపి కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు సైతం నేపాల్, భూటాన్ పౌరుల మినహాయింపును కొనసాగించారు.

మన పట్టణాల్లో అర్ధరాత్రి కర్ర తాటిస్తూ, ఈల ఊదుతూ వీధులు తిరిగే గూర్ఖాను ఎరగని తెలుగువాడుండడు. నెల మొదటివారంలో గడపగడపకూ వచ్చి, సలాము చేసి, పదో పరకో తీసుకుపోయేవాడు. వారిలో చాలామంది వీసా లేకుండా సరిహద్దు దాటి వచ్చినవారే. మనం తలుపులు వేసుకుని నిద్రపోతే మన ఇళ్ళకు కాపలా కాసింది వారు! మన సైన్యంలోని గూర్ఖా రెజిమెంట్లలో నేపాల్ పౌరులు తుపాకి పట్టి మన సరిహద్దులనే కాశారు. ఇటునుంచి మనవాళ్ళు పశుపతినాథుడిని, వైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటైన ముక్తినాథ సాలగ్రామ క్షేత్రాన్ని ఓటరు కార్డు జేబులో పెట్టుకుని దర్శించి వస్తున్నారు. డెబ్బైయైదేళ్ళుగా కళ్ళ ముందు నడుస్తున్నదాన్ని అసాధ్యమనడం ఎలా?

ఇక పూర్వపక్షాలకు వద్దాం. పొల్లు వాదాలను వదిలేసి, గట్టివాటినే తీసుకుంటాను.

మొదటిది భద్రత. 1999 డిసెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ-814 విమానాన్ని హైజాక్ చేసినవారు కాఠ్మాండూలోనే ఎక్కారు. ఇది నిజం. దానికి ప్రభుత్వం చేసిన పని ఏమిటి? సరిహద్దు మూయలేదు. 2000 అక్టోబరునుంచి విమానంలో ప్రయాణించేవారికి గుర్తింపు పత్రం తప్పనిసరి చేసింది. 2001నుంచి సశస్త్ర సీమా బల్‌ను ఆ సరిహద్దుకు కాపలా పెట్టింది. 2013లో యాసిన్ భత్కల్ ఆ సరిహద్దు దగ్గరే పట్టుబడ్డాడు. అతన్ని పట్టించింది వీసా కాదు, నిఘా. ఇదే నేను కోరేది కూడా: మనిషి ఎవరో తెలుసుకోండి, మనసులో ఏముందో ఊహించకండి.

వీసా ఆపగలిగిందెవరిని? 2001 సెప్టెంబరు 11న అమెరికా మీద దాడి చేసిన పంతొమ్మిదిమందీ వీసాలు పొంది వచ్చినవారే. 2008 నవంబరు 26న ముంబైలో దిగిన హంతకులు సముద్రం మీద పడవలో వచ్చారు. వారికోసం ముందుగా ఊరంతా చూసిపెట్టిన డేవిడ్ హెడ్లీ మాత్రం అమెరికా పాస్‌పోర్టుతో, మన దేశం సక్రమంగా ఇచ్చిన వీసాతో పలుమార్లు వచ్చిపోయాడు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఇరవైఆరుగురిని పొట్టన పెట్టుకున్న దుర్మార్గులు ఏ వీసా వరుసలోనూ నిలబడినవారు కారు. కాని వారం తిరగకుండా అట్టారీ గేటు దగ్గర వేర్వేరు పాస్‌పోర్టులున్న తల్లులూ పిల్లలూ విడిపోవలసివచ్చింది. ఆ హంతకులకు పడవలసిన శిక్ష ఎంత కఠినమైనదైనా నాకు అభ్యంతరం లేదు. ఆ పసిపిల్లలకు పడిన శిక్ష మీద ఉన్నది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటే ఎలుకలు పక్కింటికి పోతాయి. కాలేది మన ఇల్లే.

ఐర్లండ్, బ్రిటన్‌ల ఉదాహరణ చూడండి. 1920లనుంచి ఆ రెండు దేశాల ప్రజల మధ్య పాస్‌పోర్టు అక్కరలేని ప్రయాణ ఒడంబడిక ఉన్నది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నిలిచి, 1952లో మళ్ళీ మొదలైంది. 1974లో బర్మింగ్‌హాంలో ఐరిష్ తీవ్రవాదుల బాంబులు ఇరవైఒక్కరిని చంపాయి. బ్రిటన్ కఠినచట్టం తెచ్చింది, రేవుల్లో తనిఖీలు పెట్టింది, ఉత్తర ఐర్లండ్ సరిహద్దు మీద సైనిక ఠాణాలు నిలిపింది. కాని ఐరిష్ తల్లిని లండన్‌లోని కొడుకు ఇంటికి వీసా అడగలేదు. బ్రిటన్ ఐరోపా సమాఖ్యనుంచి వైదొలగిన తరువాత కూడా ఆ ఒడంబడిక నిలిచే ఉన్నది. తీవ్రవాదం ఉన్నచోట తనిఖీ కావాలి. తనిఖీ వేరు, వీసా వేరు.

రెండో పూర్వపక్షం: "తలుపు తీస్తే జనం వరదలా వచ్చిపడతారు." నేపాల్ మనకంటే పేదదేశం. తలుపు డెబ్బైయైదేళ్ళుగా తెరిచే ఉన్నది. నేపాల్ ఖాళీ కాలేదు, అక్కడ దాదాపు మూడుకోట్లమంది నివసిస్తున్నారు. పైగా పని వెతుక్కునే నేపాలీ యువకులు లక్షల సంఖ్యలో గల్ఫ్‌కూ మలేసియాకూ పోతున్నారు, అదీ వీసా సంపాదించుకుని. మనిషిని లాగేది కూలి గాని, తెరిచిన తలుపు కాదు. ఇంకొకటి. మెక్సికో, అమెరికా సరిహద్దును దశాబ్దాలపాటు పరిశోధించిన డగ్లస్ మాసీ అనే సమాజశాస్త్రజ్ఞుడు తేల్చింది ఇది: కాపలా పెరిగేకొద్దీ, పనికాలంలో వచ్చి ఇంటికి తిరిగిపోయేవారు తిరిగిపోవడం మానుకున్నారు. ఒకసారి పోతే మళ్ళీ రానివ్వరన్న భయంతో అక్కడే ఉండిపోయారు. అంటే చుట్టపుచూపును వలసగా మార్చింది గోడే.

మూడోది: "సందర్శక వీసాలను దుర్వినియోగం చేస్తున్నారు." చేస్తున్నారు, నిజమే. కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు ఇది బాగా తెలుసు. 1983నాటి వలస చట్టం ప్రకారం పదో తరగతి పాసు కానివారు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ దారి పొడుగు. అందుకని దళారీ విజిట్ వీసా చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తాడు. అక్కడ దిగాక జీతానికి హామీ లేదు, ఫిర్యాదుకు దిక్కు లేదు. ఈ పాపం చుట్టపుచూపుది కాదు. పనికి పోయే ద్వారాన్ని ఇరుకు చేసినందువల్ల జనం పక్కదారి పట్టారు. ఆ ద్వారాన్ని వెడల్పు చేసి దళారీని శిక్షించాలి గాని, మనవరాలి పెళ్ళికి పోయే తాతను కాదు.

నేపాల్ సరిహద్దు మీద ఆడపిల్లల అక్రమ రవాణా జరుగుతున్నదన్నది అన్నిటికంటే బరువైన ఆక్షేపణ. దీన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. కాని అమ్మాయిలను అమ్ముకునేవాడికి వీసా ఒక కాగితం, డబ్బుకు దొరికే కాగితం. 1993లో అనురాధా కొయిరాలా స్థాపించిన మైతీ నేపాల్ సంస్థ చేసిందేమిటంటే, సరిహద్దు దాటేచోట్ల మనుషులను నిలబెట్టి, అనుమానం వచ్చిన జంటలను ఆపి అడగడం. ఆ పిల్లలను కాపాడింది మనిషి కన్ను. ఆ కళ్ళను పెంచండి.

చివరిది: "వాళ్ళు మనకివ్వనిది మనం వాళ్ళకెందుకివ్వాలి?" ఇది వాదం కాదు, పంతం. భూటాన్ మన పర్యాటకులవద్ద రాత్రికి 1,200 రూపాయల రుసుము వసూలు చేస్తున్నది. మనం భూటాన్ పౌరులకు తలుపు మూశామా? మూయలేదు, అది మన పెద్దరికం. 2019 నవంబరులో కర్తార్‌పూర్ దారి తెరిచి, వీసా లేకుండా రోజుకు ఐదువేలమంది యాత్రికులు పోయిరావచ్చునని ఇద్దరు పంతగాళ్ళూ ఒప్పుకున్నారు. 2025 మే నెలలో మన వైపునుంచి అది మూతపడింది గాని, ఆ ఐదున్నరేళ్ళూ ఒక సంగతిని రుజువు చేశాయి. సఖ్యత లేని రెండు దేశాల మధ్య కూడా మనుషులు పొద్దున్న పోయి సాయంత్రానికి ఇంటికి రాగలరు.

ఇంతకూ నేను సరిహద్దులు చెరిపేయమనడం లేదు. సైన్యాన్ని ఇంటికి పంపమనడమూ లేదు. నేను కోరేవి నాలుగే.

ఒకటి, సందర్శకుడిగా వచ్చేవాడిని సందర్శకుడిగానే భావించాలి. కాదనుకుంటే కాదని చూపవలసిన భారం ప్రభుత్వానిది. కారణం రాసివ్వాలి, దాని మీద అప్పీలు ఉండాలి, తిరస్కరిస్తే రుసుములో పని ఖర్చు పోను మిగతాది తిరిగి ఇవ్వాలి. ఇది అమెరికాను అడుగుదాం, ఐరోపాను అడుగుదాం, ఢిల్లీని కూడా అడుగుదాం.

రెండు, 2012 ఒప్పందంలో రాసుకున్న ముసలివారి వీసాను బయటికి తీసి, పొరుగు దేశాలన్నిటికీ వర్తింపజేయాలి. అరవైయైదేళ్ళు దాటినవారు, వారి వెంట వచ్చే తోడు ఒకరు. ఎవరినీ నమ్మలేని ప్రభుత్వం సైతం వీరిని నమ్మవచ్చు.

మూడు, వచ్చినవారికి ఊళ్ళ లెక్క, పోలీసు హాజరు తీసివేయాలి. ప్రవేశించినప్పుడూ నిష్క్రమించినప్పుడూ పేరు నమోదు చేస్తే చాలు. హోటలువాడు రాసుకునే పుస్తకం ఇందుకు ఎటూ ఉన్నది.

నాలుగు, సరిహద్దుకు ఇటూ అటూ ఒకే జాతి, ఒకే బంధువర్గం ఉన్నచోట్ల గుర్తింపు కార్డే ప్రయాణ పత్రం కావాలి. నేపాల్‌తో మనం చేస్తున్నది ఇదే కనుక కొత్తగా కనిపెట్టవలసినదేమీ లేదు.

పెద్దలు ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఏటా వేలాది తెలుగు తల్లిదండ్రులు పరాయి కాన్సులేట్ల ముందు సంచులు పట్టుకుని నిలబడుతుంటే మనకు కోపం వస్తున్నది. రావలసిందే. కాని ఆ కోపం మన పిల్లలు అక్కడ ఉన్నందువల్ల పుట్టిన కోపమా, అన్యాయం మీద పుట్టిన కోపమా? అన్యాయం మీదనైతే, మన కాన్సులేట్ల ముందు సంచి పట్టుకుని నిలబడిన ఢాకా తల్లి, కరాచీ తల్లి కూడా అందులోకి రావాలి. వారిని మినహాయించిన కోపానికి స్వార్థమని పేరు. స్వార్థంతో చేసిన ఫిర్యాదును ఏ అధికారీ వినవలసిన అవసరం లేదు. వారిని కూడా కలుపుకున్ననాడు మన ఫిర్యాదుకు న్యాయమనే బలం వస్తుంది.